రెండు జట్లూ కొబ్బరికాయ కొడితే

సంక్రాంతి వస్తే ప్రకాశం జిల్లా సింగరాయకొండ చుట్టుపక్కల ఊళ్లలో క్రికెట్ టోర్నమెంట్ల సందడి మొదలవుతుంది. ఫైనల్ రోజు పొద్దున్నే ఒక జట్టు వెళ్లి వరాహ లక్ష్మీనరసింహస్వామికి కొబ్బరికాయ కొట్టొస్తే రెండో జట్టు ఊరుకుంటుందా? వాళ్లూ కొడతారు. దేవుడొక్కడే, కాయలు రెండు, కప్పు ఒకటి. సాయంత్రానికి గెలిచినవాళ్లు ‘అంతా స్వామి దయ’ అంటారు. ఓడినవాళ్లు అంపైర్‌ని తిట్టుకుంటారు. స్వామికి ఎదుటి జట్టంటేనే ఎక్కువ ఇష్టమని ఒప్పుకునే కెప్టెన్ ఇంకా పుట్టలేదు.

గెలుపులో దైవం వాటా ఎంత, మనిషి వాటా ఎంత అన్న పేచీ పాతదే. మహాభారతం అనుశాసనిక పర్వంలో ధర్మరాజు సరిగ్గా ఇదే అడిగాడు. భీష్ముడు తన సొంత అభిప్రాయం చెప్పకుండా, పూర్వం వసిష్ఠుడికి బ్రహ్మ చెప్పిన సమాధానాన్ని వినిపించాడు. మనిషి ప్రయత్నం పొలం, దైవం విత్తనం, రెండూ కలిస్తేనే పైరు. ప్రకాశం జిల్లా మిర్చి రైతు ఈ మాటకు తలూపుతాడు గానీ, ఒక ప్రశ్న వెయ్యకుండా వదలడు. 2021-22 పంటకాలంలో గుంటూరు, ప్రకాశం మిరప తోటల మీద నల్ల తామరపురుగు విరుచుకుపడింది. దుక్కి బాగున్నవాడికీ, మంచి విత్తనం వేసినవాడికీ పూతలోనే పంట పోయింది. ఆ పురుగుని ఏ ఖాతాలో రాయాలి?

గీత పద్దెనిమిదో అధ్యాయంలో ఇంకొంచెం వివరమైన పద్దు ఉంది. ఏ పని జరగాలన్నా కారణాలు అయిదట. పనికి ఆధారమైన శరీరం, చేసే కర్త, పనిముట్లలాంటి ఇంద్రియాలు, రకరకాల చేష్టలు, అయిదోది దైవం. దైవాన్ని జాబితాలోంచి తీసెయ్యలేదు. అలాగని మొదట్లోనూ పెట్టలేదు.

మిర్చి పోయిన ఆ ఏడాదే, 2022 మే 15న, బ్యాంకాక్‌లో భారత పురుషుల బ్యాడ్మింటన్ జట్టు మొట్టమొదటిసారి థామస్ కప్ గెలిచింది. పదిమంది జట్టులో నలుగురు తెలుగువాళ్లు: గుంటూరు కిదాంబి శ్రీకాంత్, అమలాపురం సాత్విక్ సాయిరాజ్, విష్ణువర్ధన్ గౌడ్, గరగ కృష్ణప్రసాద్. శ్రీకాంత్‌ని తీర్చిదిద్దిన పుల్లెల గోపీచంద్ పుట్టింది నాగండ్లలో. ఇప్పుడది బాపట్ల జిల్లా అయినా, అప్పట్లో ప్రకాశమే.

ఈ కప్పులో ఒక్కో పోరుకి అయిదు మ్యాచ్‌లు, మూడు సింగిల్స్, రెండు డబుల్స్. మూడు గెలిచినవాళ్లదే పోరు. క్వార్టర్‌ఫైనల్లో మలేషియాతో 2-2 దగ్గర ఆగింది. సెమీఫైనల్లో డెన్మార్క్‌తో మళ్లీ 2-2. రెండుసార్లూ అయిదో మ్యాచ్‌కి దిగింది కేరళవాడైన ప్రణయ్. డెన్మార్క్ మీద మొదటి గేమ్‌లో జారి చీలమండ మెలిక పడింది, ఆ గేమ్ 13-21తో పోయింది. తర్వాత 21-9, 21-12. శరీరం మొండికేసినా కర్తా, చేష్టా నిలబెట్టాయని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఫైనల్లో ఎదురుగా పద్నాలుగుసార్లు కప్పు గెలిచిన ఇండోనేషియా. డబుల్స్‌లో సాత్విక్, చిరాగ్ శెట్టి మొదటి గేమ్ ఓడారు. రెండోదాంట్లో 17-20 వెనకబడ్డారు. నాలుగు మ్యాచ్ పాయింట్లు కాచుకుని 23-21తో లాక్కున్నారు, మూడో గేమ్ 21-19. అటువైపు ఆడుతున్న మొహమ్మద్ అహ్సాన్ దేశంలో కూడా ఆ రాత్రి దువాలు చేసినవాళ్లు ఉండే ఉంటారు. దేవుడు ఒకవైపు నిలబడి ఆ నాలుగు పాయింట్లూ తిప్పాడంటే, అహ్సాన్ వైపు వాళ్లకి ఏం సమాధానం చెప్పాలి? ఇక్కడ ‘దైవం’ అన్నమాటకి ‘పక్షం వహించేవాడు’ అనే అర్థం తీసుకుంటేనే చిక్కు. మన చేతిలో లేనిదంతా అని తీసుకుంటే చిక్కు విడుతుంది. చైనాని ఇండోనేషియా క్వార్టర్స్‌లోనే ఇంటికి పంపేసింది, జపాన్‌ని సెమీస్‌లో. ఆ ఇద్దరితోనూ భారత్ తలపడాల్సిన పనే పడలేదు. ఇది శ్రీకాంత్ స్మాష్ వల్ల జరగలేదు, ఎవరి మొక్కు వల్లా అని చెప్పనూ లేం.

మనిషి మొక్కులు ఎక్కడ పెరుగుతాయో గమనించినవాడు జార్జ్ గ్మెల్చ్. అమెరికాలో చిన్న లీగుల్లో బేస్‌బాల్ ఆడి, తర్వాత మానవశాస్త్రవేత్త అయ్యాడు. అంతకుముందు మలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త ట్రోబ్రియాండ్ దీవుల్లో చూసింది అతనికి ఆధారం. అక్కడి జాలర్లు లోతులేని మడుగులో వేటకి మంత్రాలు పెట్టుకోరు, నడిసముద్రానికి పోయేటప్పుడు మాత్రం పెట్టుకుంటారు. బేస్‌బాల్‌లోనూ అంతేనని గ్మెల్చ్ అన్నాడు. దాదాపు ప్రతి బంతీ పట్టే ఫీల్డింగ్‌కి తాయెత్తులు లేవు. పదిసార్లు దిగితే మూడుసార్లు కొట్టినవాడే మొనగాడయ్యే బ్యాటింగ్‌కి బోలెడు. సింగరాయకొండ దగ్గరి పాకల తీరంలో పల్లెకారులు గంగమ్మకి మొక్కి వేటకి పోతారంటే వాళ్లకి వల వెయ్యడం రాక కాదు గదా.

అదే బేస్‌బాల్‌లో 2008 కాలేజీ ఛాంపియన్‌షిప్ ఫ్రెస్నో స్టేట్ ఎగరేసుకుపోయింది. ప్రాంతీయ పోటీలో నాలుగో సీడ్‌గా, అంటే అట్టడుగు నుంచి మొదలైన జట్టు. చివరి ఆటలో జార్జియా మీద 6-1. బొటనవేలి స్నాయువు తెగిన స్టీవ్ డెట్‌వైలర్ దెబ్బల మీదే ఆ ఆరు పరుగులూ వచ్చాయి. ఇలాంటి కథ వినగానే దైవలీల అనబుద్ధవుతుంది. సమస్యల్లా, ఆ ఏడాది బాగా ఆడి ఓడిన జట్ల గురించి ఎవరూ దైవలీల అనరు.

మళ్లీ బ్యాంకాక్‌కి వస్తే, ఫలం పంపకం ఇంకా విచిత్రం. విష్ణువర్ధన్, కృష్ణప్రసాద్ జోడీ మలేషియా మీదా ఓడింది, డెన్మార్క్ మీదా ఓడింది. స్వర్ణపతకం వాళ్లకీ వచ్చింది. రావాలి కూడా. ఫలం కూలి అయితే వాళ్ల లెక్క తేలదు. జట్టుని రెండుసార్లు బయటపడేసిన ప్రణయ్ లెక్కా తేలదు, ఫైనల్ 3-0తో ముగియడంతో ఆరోజు అతను రాకెట్ పట్టనే లేదు. పని మీదే అధికారం, ఫలం మీద కాదని గీత అన్నది వైరాగ్యం కోసమే అనుకుంటారు గానీ, జట్టు ఆటలకి అది మామూలు లెక్కల నియమం.

రెండేళ్ల తర్వాత, 2024లో చైనాలోని చెంగ్డూలో కప్పు నిలబెట్టుకోవడానికి దాదాపు అదే బలగం దిగింది. ఈసారి క్వార్టర్‌ఫైనల్లోనే చైనా ఎదురైంది. ప్రణయ్ మొదటి మ్యాచ్ ఆడాడు, మొదటి గేమ్ గెలిచీ షి యూచీ చేతిలో ఓడాడు. సాత్విక్, చిరాగ్ కూడా ఓడారు. లక్ష్యసేన్ ఒక్కడే గెలిచాడు. భారత్ 1-3తో ఇంటిదారి పట్టింది, అయిదో మ్యాచ్ దాకా పోరు వెళ్లనే లేదు.