పేకాటలోని నేర్పు

బీరంగూడలో కాపురముండి పటాన్‌చెరు కర్మాగారమున పనిచేయు మేనల్లుడు పోకరు నేర్పుమని నన్నడిగెను. నియమములు అరగంట పని. ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి పంచవలెను. నడుమ అందరికిని ఉమ్మడిగా మూడు, పిమ్మట ఒకటి, మరల ఒకటి తెరువవలెను. పంచినప్పుడును, తెరచిన ప్రతిమారును పందెము. తుదివరకు నిలిచినవారిలో, ఆ యేడింటినుండి మేలైన ఐదు ముక్కలు కూర్పగలవాడు నెగ్గును. తక్కినవారందరు జడిసి తప్పుకొన్నను నెగ్గును.

"ఇది నేర్పుగల ఆట, జూదమెట్లగును?" అని వాని వాదము. సికింద్రాబాదు క్లబ్బు వ్యాజ్యమున 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానముగా నేర్పుటాట యన్నమాట నిజమే. ఆన్‌లైను పందెపు రమ్మీని 2017లో తెలంగాణము నిషేధించినది. చట్టము మాట అట్లుండనిండు. నేర్పు దోషమును తగ్గించునా? కేవలము అదృష్టమైనచో ఇరువురును సమానముగా గ్రుడ్డివారు. నేర్పరియో, ఎదుటివాని జీతము తనకు చేరునని యెరిగియే కూర్చుండును. లేని ముక్క ఉన్నట్లు నటించుటయు ఆ నేర్పులోనిదే. వ్యాపారమునను నేర్పరి లాభపడడా యందురు. అచ్చట కొన్నవానికి సరకైనను దక్కును.

చింతగింజలు పందెముగా పెట్టి నేర్పితిని. నాలుగాటలైన పిదప వాడు, "రూపాయలైన రుచి యుండును మామా" అనెను. నేను ముక్కలు కలిపి పెట్టెలో పెట్టితిని.