కాలాంతర ముష్టియుద్ధం: తర్కానికి గల హద్దు

వేర్వేరు కాలాల బాక్సర్లు ఎదురుపడి ఉంటే ఎవరు గెలిచేవారన్న ప్రశ్న కాలక్షేపంగా కనిపించినా, ఎన్నడూ జరగనిదాని విషయంలో సత్యాసత్యాలు నిర్ణయించవచ్చునా అన్న పాత తాత్త్విక సమస్య దాని అడుగున ఉంది. 1967లో అమెరికాలో మర్రీ వోరోనర్ అనే నిర్మాత పలు తరాల హెవీవెయిట్ యోధుల వివరాలను కంప్యూటరుకు అందించి, అది తేల్చిన ఫలితాలను రేడియోలో నిజమైన పోటీల వ్యాఖ్యానంలా ప్రసారం చేయించాడు. అందులో తాను పాతకాలపు ఛాంపియన్ జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడినట్లు ప్రకటించినందుకు ముహమ్మద్ అలీ పది లక్షల డాలర్ల పరువునష్టం దావా వేసి, దానిపై కుదిరిన రాజీలో భాగంగా 1969లో రాకీ మార్సియానోతో కెమెరా ముందు తలపడ్డాడు. ఆడిన 49 పోటీలలోనూ గెలిచి 1956లో విరమించిన మార్సియానో, చిత్రం విడుదల కాకముందే విమాన ప్రమాదంలో మరణించాడు. 1970లో అమెరికా ప్రేక్షకులకు చూపిన ప్రతిలో మార్సియానో పదమూడో రౌండులో అలీని పడగొట్టగా, ఐరోపాకు పంపిన ప్రతిలో అలీయే గెలిచాడు. జరగని పోటీకి ఫలితాలు రెండయినా అడ్డుచెప్పే వాస్తవం లేదు!

ఇటువంటి ఊహను మన న్యాయశాస్త్రమూ పరిశీలించింది. ఆంధ్రుడిగా ప్రసిద్ధికెక్కిన అన్నంభట్టు తన న్యాయశాస్త్ర గ్రంథమైన తర్కసంగ్రహంలో అయథార్థానుభవాన్ని, అంటే వస్తుస్థితికి సరిపడని జ్ఞానాన్ని, సంశయం, విపర్యయం, తర్కం అని మూడుగా విభజించాడు. ఇక్కడ తర్కమంటే లేనిదాన్ని ఉన్నట్లు ఆరోపించి, అప్పుడు ఏమి కావలసి వస్తుందో చూపడం. కొండమీద నిప్పే లేకుంటే పొగ కూడా ఉండేది కాదు అనడం ఇటువంటిది. పొగ కంటికి కనిపిస్తున్నది కనుక ఆ ఆరోపం వీగిపోయి, నిప్పు ఉందన్న అనుమితికి బలం చేకూరుతుంది. కాలాంతర పోటీలో ఊహను వీగగొట్టే ప్రత్యక్షమేదీ లేనందున ఆరోపం ఆరోపంగానే మిగులుతుంది.

గత విజయాలే ఆధారం కదా అనవచ్చు. నైయాయికులు, అంటే న్యాయశాస్త్ర పండితులు, ఉపాధి అనే మాటతో దీనికి సమాధానమిస్తారు: నిప్పున్న చోటల్లా పొగ ఉండదు, తడికట్టె తోడైతేనే ఉంటుంది, సంబంధాన్ని ఇలా షరతుకు లోబరచేదే ఉపాధి. యోధుని విజయాలకు శరీరపు బరువు, శిక్షణ, ప్రత్యర్థుల స్థాయి, నియమాలు ఉపాధులు. 1899లో జెఫ్రీస్ టామ్ షార్కీపై 25 రౌండ్లూ పోరాడి గెలిచాడు. నేటి టైటిల్ పోటీకి పరిమితి 12 రౌండ్లే. ఎవరి నియమాలలో ఆడించాలో నిర్ణయించిన క్షణానే సగం ఫలితం నిర్ణయమైపోతుంది.

తత్త్వవేత్త డేవిడ్ లూయిస్ 1973లో ప్రతిపాదించినట్లు, ఇటువంటి వాక్యాల సత్యాన్ని మన ప్రపంచానికి అతిసమీపమైన ఊహాప్రపంచంలో పరీక్షించాలనుకుంటే చిక్కు మరింత ముదురుతుంది. ఛాంపియన్‌గా ఉన్నన్నాళ్లూ జెఫ్రీస్ నల్లజాతి పోటీదారులతో టైటిల్ కోసం తలపడటానికి నిరాకరించాడు గనుక, ఆ సమీప ప్రపంచంలో అలీకి అతడితో పోటీయే దొరకదు. బలాన్నీ వేగాన్నీ మాత్రమే కొలిచే లెక్కలో ఈ నిరాకరణకు చోటులేదు. ఆ కంప్యూటర్ పద్ధతికి ఇదే అన్నిటికన్నా పెద్ద లోపం. అయితే విరమించిన తరువాత అదే జెఫ్రీస్ ఆ నిరాకరణను వీడి తిరిగి బరిలోకి దిగి, 1910 జులై 4న నెవాడాలోని రెనో నగరంలో నల్లజాతి ఛాంపియన్ జాక్ జాన్సన్ చేతిలో పదిహేనో రౌండులో ఓడిపోయాడు.