ఒకే మట్టి, రెండు ద్వారాలు



నవంబరు మాసం ఉత్తరించు స్థలములోని ఆత్మల మాసం. 1వ తేదీ నుండి 8 వరకు సమాధుల తోటను దర్శించి, మృతుల కొరకు ప్రార్థించి, పాపసంకీర్తనం చేసి, దివ్యసత్ప్రసాదం లోకొని, జగద్గురువుల తలంపుల కొరకు ప్రార్థించేవారికి తిరుసభ పరిపూర్ణ ఫలాన్ని ఇస్తున్నది. దానిని మనకోసం దాచుకోవడానికి లేదు, ఆ ఆత్మలకే ధారపోయాలి. ఇది మీకు తెలిసిందే.

ఈ వారం మనస్సులోనే లండను దాకా వెళ్ళివద్దాం. అక్కడ కెన్సాల్ గ్రీన్ అనే సమాధుల తోట ఉన్నది. నగరంలో గుడుల ఆవరణలు శవాలతో నిండిపోయి, పాతిపెట్ట చోటులేక 1833లో తెరిచారు. లెక్కలు చేసే యంత్రాన్ని ఊహించిన బాబేజి, నవలలు వ్రాసిన థాకరే, ట్రోలోప్ అక్కడ ఉన్నారు. మనవాడనదగిన వాడూ ఒకడున్నాడు. వేమన పద్యాలను 1829లో అచ్చువేయించి, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువరించిన బ్రౌన్ దొర 1884లో కన్నుమూసి ఆ మట్టిలోనే కలిశాడు. మన భాష తిన్నవాళ్ళం, ఆయన పేరిట ఒక పరలోక జపం చెబితే తప్పులేదు.

ఆ తోటను ఆనుకొనే 1858లో కతోలికులు మరియమాత పేరిట మరో తోట పెట్టుకొన్నారు. ద్వారాలు వేరు. కరవుకు ఐర్లండు విడిచివచ్చిన పేదలెందరో అందులో ఉన్నారు. జమైకాలో పుట్టిన నల్లజాతి స్త్రీ మేరీ సీకోల్ కూడా ఉన్నది. క్రిమియా యుద్ధంలో గాయపడ్డవారికి సేవచేస్తానని వస్తే అధికారులు పొమ్మన్నారు. ఆమె తన సొంత డబ్బుతో వెళ్ళి సైనికులను సాకింది, దివాళా తీసి తిరిగివచ్చింది. తరువాత కతోలికురాలై, 1881లో మరణించింది. లోకం ఆమెను మరచింది. 1973లో గాని ఆ సమాధిని ఎవరూ బాగుచేయలేదు.

మరొకరు ఫ్రాన్సిస్ థాంప్సన్. గురువు కావాలని సెమినరీలో చేరాడు, కాలేదు. వైద్యం చదివాడు, తప్పాడు. నల్లమందుకు లోబడి లండను వీధుల్లో పడుకొన్నాడు. ఒక కతోలిక పత్రికా సంపాదకుడు అతని కవితలు చూసి, మనిషిని వెదికి తెచ్చుకొన్నాడు. (సంపాదకులలో ఇలాంటివారూ ఉంటారు.) పారిపోయే ఆత్మను దేవుడు వేటకుక్కలా వెంటాడుతాడని వ్రాసిన కవి ఈయనే. 1907లో మరణించాడు. అదే ఏడు, ఆ తోటలోనే ఉన్న కార్డినల్ వైస్‌మన్ గారి భౌతికకాయాన్ని కొత్త కతెడ్రలుకు తరలించారు. థాంప్సన్, సీకోల్ ఆ పేదల నడుమనే ఉండిపోయారు.

ఇది చదివినప్పుడు నాకు లండను కాదు, నేను పనిచేసిన ఒక విచారణ గుర్తుకు వచ్చింది. ముప్పై ఏళ్ళు గుడి ఊడ్చిన ఒక అవ్వ మరణించింది. గొయ్యి తీసేవారు ఖాళీ ఉన్నచోట త్రవ్వారు. శవపేటిక దించబోతుండగా ఊరి పెద్ద కుటుంబం వారు అడ్డువచ్చారు. "మా నాయన పక్కన పల్లెవాళ్ళనా ఫాదర్ గారూ?" అన్నారు. ఆ నాయనగారికి, ఆ అవ్వకు సత్ప్రసాదం ఇచ్చింది ఒకే పాత్రలోనుండి, ఈ చేతులతోనే. ఆ మాట నోటిదాకా వచ్చింది. అనలేదు. గొడవ అవుతుందని భయపడ్డాను. గొయ్యి పూడ్చించి, కంచెవారన మరొకటి తీయించాను. ఎండలో శవాన్ని గంటసేపు ఉంచాము. ఆమె కొడుకు నన్ను ఒక్కమాట కూడా అనలేదు. ఆ మౌనం ఇప్పటికీ నాతోనే ఉన్నది.

యూదా మక్కబీయుడు యుద్ధంలో పడిపోయినవారి పాపాల కొరకు బలి అర్పించమని రెండువేల వెండి నాణెములు పోగుచేసి యెరూషలేముకు పంపాడు. ఆ చనిపోయినవారి బట్టల క్రింద విగ్రహాల తాయెత్తులు దొరికాయి. అయినా వారిని వేరుచేసి పాతిపెట్టలేదు, తమ బంధువుల సమాధులలోనే ఉంచారు.

ఈ నవంబరు 2న సెలవు అడిగి ఆ విచారణకు వెళ్తున్నాను. అక్కడి గురువులు సరేనన్నారు. తీర్థజలం చల్లడం కంచె దగ్గరనుండి మొదలుపెడతాను. ఆ పెద్ద కుటుంబానికి కూడా కబురు పంపాను. ఇంకా జవాబు రాలేదు.