ధమనీ చిత్రమూ అనుమాన ప్రమాణమూ

మెడకు ఇరుపక్కలా మెదడు వైపు నెత్తురును మోసుకుపోయే కెరోటిడ్ ధమనులు చర్మానికి దగ్గరగా ఉంటాయి కనుక, సూది గుచ్చకుండా, రేడియేషన్ సోకకుండా, అల్ట్రాసౌండ్‌తో వాటి గోడను కొలవడానికి వీలుంది. ఆ గోడలోని లోపలి రెండు పొరల మందాన్ని ఈ పద్ధతిలో కొలవవచ్చునని ఇటలీకి చెందిన పిగ్నోలి బృందం 1986లో చూపిన నాటి నుంచి, మామూలుగా మిల్లీమీటరుకు లోపే ఉండే ఆ మందం గుండె భవిష్యత్తును చెప్పగలదన్న ఆశ వైద్యులలో పెరిగింది. మధుమేహుల విషయంలో ఆ ఆశకు గట్టి ఆధారమే ఉంది. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి హెచ్చుగా ఉంటే ధమనుల లోపలి పొర దెబ్బతిని, అక్కడ కొవ్వు చేరి, 'ప్లాక్' అనే మేట ఏర్పడుతుంది. ఈ మార్పు ఒక్క ధమనితో ఆగేది కాదు గనుక, మెడలోని గోడను చూసి గుండె ధమనుల స్థితిని ఊహించవచ్చునని భావించారు. అయితే తెర మీద కనిపించేది ఇప్పటి గోడ, దానిని బట్టి చెప్పేది పదేళ్ల తరువాతి సంగతి. ఆ రెండింటినీ కలిపే జ్ఞానం ఏ జాతిది, దానికి ఎంత ప్రామాణ్యం ఉంది అన్నది వైద్యులకంటే ముందు భారతీయ తార్కికులు విచారించిన ప్రశ్న.

వారి పరిభాషలో గోడ మందం ప్రత్యక్షం, అంటే నేరుగా చూసి తెలుసుకున్నది. గుండెపోటు రాగలదనడం అనుమానం, అంటే ఒక గుర్తు ఆధారంగా కంటికి అందని దానిని తెలుసుకోవడం. ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో వివరించినట్లు, అనుమానానికి మూలం వ్యాప్తి, అంటే పొగ ఉన్న చోటనెల్లా నిప్పు ఉండితీరుతుందన్న తప్పని సాహచర్యం. పొగను చూసి నిప్పును తెలుసుకునేటప్పుడు ఆలోచన కార్యం నుంచి కారణానికి వెళుతుంది. కారణాన్ని చూసి రాబోయే కార్యాన్ని ఊహించడం వేరు. దానిని పూర్వవత్తు అన్నారు, న్యాయసూత్రాల వ్యాఖ్య అయిన న్యాయభాష్యంలో దానికి ఇచ్చిన ఉదాహరణ మబ్బు పైకెత్తడం చూసి వాన వస్తుందనడం. ధమనీ పరీక్ష ఈ రెండో కోవకు చెందుతుంది, దాని బలహీనతా అక్కడే ఉంది: మబ్బు పట్టిన ప్రతిసారీ వాన కురవనట్లే, గోడ మందమైన ప్రతివారికీ గుండెపోటు రాదు, పలుచని గోడ ఉన్నంత మాత్రాన రాకుండానూ పోదు. ఇటువంటి తప్పిపోయే హేతువును తార్కికులు అనైకాంతికమని దోషాలలో చేర్చారు. ఆధునికులు ఆ దోషాన్ని దాచకుండా శాతాలుగా లెక్కగట్టారు, అది నిజాయితీగల పనే. కానీ పదేళ్లలో నూటికి 20 మందికి గుండెపోటు వస్తుందన్న లెక్క సమూహానికి చెందిన సత్యం, ఆ సమూహంలోని ఏ ఒక్కరికీ అయిదో వంతు గుండెపోటు రాదు.

వైద్యసంఘాలూ చివరకు ఈ హద్దును ఒప్పుకున్నాయి. ఏ లక్షణాలూ లేని మధ్యస్థ ప్రమాదం గలవారిలో ఈ కొలత సబబేనని 2010లో అన్న అమెరికా హృద్రోగ సంఘాలు, దానిని అందరికీ వాడుకగా చేయవద్దని 2013లో చెప్పాయి. ఎందుకంటే వయసు, రక్తపోటు, కొలెస్టరాల్, పొగతాగుడు, మధుమేహం ముందే తెలిసినప్పుడు మందపు కొలత కొత్తగా చేర్చేది చాలా స్వల్పం. మేట కనిపించడం మందం కంటే బలమైన గుర్తే గాని, నలభై దాటిన మధుమేహికి కొలెస్టరాల్‌ను తగ్గించే స్టాటిన్ మందును ఎలాగూ సూచిస్తున్నారు కనుక, చాలాసార్లు అదీ చికిత్సను మార్చదు.

ఇంతకంటే లోతైన ప్రశ్న మరొకటి ఉంది: గోడ మీద కనిపించినది విధివ్రాతా? చరకసంహిత విమానస్థానంలో అగ్నివేశుడు, ఆయుస్సు ముందే నిర్ణయమై ఉంటుందా అని తన గురువు ఆత్రేయుణ్ణి అడుగుతాడు. పూర్వజన్మలో చేసిన కర్మ దైవమనీ, ఈ జన్మలో చేసేది పురుషకారమనీ, వీటిలో బలమైనది బలహీనమైన దానిని అణచివేస్తుందనీ, ఆయుస్సు అంతా నియతమే అయితే మందులకూ మంత్రాలకూ పనే ఉండదనీ ఆయన సమాధానం. మంచి బండి ఇరుసు కాలం తీరాక అరిగిపోవడం వేరు, అతిభారంతో, చెడ్డ దారిలో నడిబాటన విరగడం వేరు అని కూడా ఆయన అంటాడు. వంశపారంపర్యంగా వచ్చే మధుమేహాన్ని దైవమనడం చరకుని మాట కాదు, అయినా ఈ విభజన దానికి చక్కగా అమరుతుంది: ధమని గోడలో పుట్టుకతో వచ్చిన దాని పాలూ ఉంటుంది, తిండి, పొగ, నడక వంటి నేటి క్రియల పాలూ ఉంటుంది, ఏది ఎంతో అల్ట్రాసౌండ్ విడదీసి చూపలేదు.

అల్ట్రాసౌండ్ చేయగలిగినది మరొకటి ఉందని స్వీడన్‌లో 3,532 మందితో జరిగిన విప్‌విజా అధ్యయనం సూచించింది. కనీసం ఒక ప్రమాదకారకమైనా ఉన్నవారందరికీ కెరోటిడ్ పరీక్ష చేసి, సగం మందికీ వారి వైద్యులకూ ఆ ఫలితాన్ని రంగుల చిత్రంగా పంపారు, మిగతా వారికి పంపలేదు. ఏడాది తరువాత చిత్రం అందుకున్నవారి గుండెజబ్బు ప్రమాద గణన రెండోవారి కంటే తక్కువగా ఉందని 2019లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. తగ్గినది గణనే, గుండెపోట్లు తగ్గాయని అది నిరూపించలేదు. అయినా చెవిన పడిన సలహా కదిలించలేని మనిషిని కంటికి కనిపించిన తన ధమని కదిలించగలదని, శబ్దానికి, అంటే ఒకరు చెప్పిన మాటకు, రాని బలం ప్రత్యక్షానికి ఉందని చెప్పడానికి ఆ ఫలితం చాలు. పురుషకారానికి ప్రేరణగా ఈ పరీక్షకు ఉన్న విలువ, జోస్యంగా దానికి ఉన్న విలువ కంటే ఎక్కువ.

కనుక నలభై దాటిన మధుమేహికి ఇవ్వవలసిన చికిత్స ఈ చిత్రం కోసం ఆగనక్కరలేదు. మందుకు మనసొప్పని వ్యక్తికి వైద్యుడు దానిని చేయించి చూపడం సబబే. గోడ బాగుందన్న నివేదికను పట్టుకొని ఆ మందును మానిపించడం మాత్రం తర్కానికీ నిలవదు, వైద్యానికీ నిలవదు.