వంతు కోసం ఆగే పెట్టె

ధ్యాన భాగాలు: యాకోబు 1:19, 20, ప్రసంగి 5:1, 2, 1 కొరింథీయులకు 11:17–34

దర్శిలో ఇంటికి నెట్ పెట్టించుకోవడం ఇప్పుడు వింతేమీ కాదు. కేబుల్ ఆయనకు ఫోను కొడితే నిచ్చెన, తీగచుట్ట పట్టుకుని ఒక కుర్రాడు వస్తాడు. కరెంటు స్తంభం మీంచి సన్నటి నల్ల తీగ లాగి, కిటికీ పక్కన గోడకు బెజ్జం వేసి లోపలికి తోస్తాడు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్ పథకం ఇలా కరెంటు స్తంభాల మీదుగానే పల్లెలకు నడిచింది. నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోను, నెట్ మూడూ అన్నది అప్పటి మాట. ఇవాళ ప్రైవేటు తీగలూ అదే స్తంభాలకు వేలాడుతున్నాయి. తీగ ఎవరిదైనా, ఇంట్లో చివరికి చేరేది ఒక చిన్న ప్లాస్టిక్ పెట్టె దగ్గరికే. వెయ్యికో పదిహేను వందలకో దొరికే వైఫై రూటరు అది.

దాన్ని అమర్చుకోవడం పెద్ద విద్య కాదు. తీగ గుచ్చాలి, అడాప్టరు పెట్టాలి, అడుగున స్టిక్కరు మీద ఉన్న పాస్‌వర్డు ఫోనులో కొట్టాలి. తరువాత 192.168.0.1 అనో 192.168.1.1 అనో కొట్టి లోపలికి వెళ్ళి ఆ పాస్‌వర్డు మార్చుకోవాలి. ఈ ఆఖరి పని చాలామంది చెయ్యరు. చేసినవాళ్ళు కొత్తదాన్ని వాగ్దాన క్యాలెండరు మీద, ఆ నెల వాక్యం కింద ఖాళీలో పెన్నుతో రాసిపెడతారు. చుట్టాల పిల్లలు చెప్పులు విప్పకముందే అడిగేది దాన్నే.

రూటరును ఇనప బీరువా వెనక మాత్రం పెట్టకండి. రేడియో అల ఇనుమును దాటి రాలేదు. పాత మిద్దెల్లో రాతిగోడ దాటేసరికి సగం చస్తుంది. ఇంటి మధ్యలో, కాస్త ఎత్తులో పెడితే చాలు. కరెంటు పోతే అదీ పోతుంది కాబట్టి, వీలైతే ఇన్వర్టరు లైనుకు కలపండి. అమర్చడం గురించి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు. ఈ ఉదయం మనం ఆలోచించవలసింది ఆ పెట్టె గాలిలో ఎలా మసలుకుంటుందన్నది.

ఇంట్లో రూటరు, అమ్మ ఫోను, హాల్లో టీవీ, పక్కింటి రూటరు, ఎదురింటి వాళ్ళ ఫోన్లు అన్నీ మాట్లాడుకోవాల్సింది ఒకే గాలిలో. ధర తక్కువ రూటర్లు ఎక్కువగా వాడేది 2.4 గిగాహెర్ట్జ్ అనే చోటు. 2005 జనవరి నాటి కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వుతో మన దేశంలో లైసెన్సు లేకుండా ఎవరైనా వాడుకోగలిగే జాగా అయింది అది. అందులో ఒకదానికొకటి అడ్డురాని దారులు మూడే: 1, 6, 11. ఒక వీధిలో పది ఇళ్ళకు రూటర్లుంటే, మూడు దారుల్లో పది మంది. పైగా ఎవరూ ఎవరికీ పై అధికారి కాదు.

అలాంటిచోట గందరగోళమే కావాలి కదా? కావడం లేదు. ఆ పెట్టె నోరు విప్పే ముందు వింటుంది. గాలిలో ఎవరిదో మాట నడుస్తుంటే ఆగుతుంది. అది అయిపోగానే వెంటనే దూకదు. తనకు తానే ఒక చిన్న అంకె ఎంచుకుని అంతవరకూ లెక్కపెట్టుకుంటుంది. మధ్యలో ఇంకెవరైనా మొదలుపెడితే లెక్క అక్కడికక్కడ ఆపుతుంది, వాళ్ళు ముగించాక మిగిలింది లెక్కపెట్టి అప్పుడు పలుకుతుంది. ఆ ఒక్కో లెక్కకూ పట్టే కాలం సెకనును పది లక్షల ముక్కలు చేస్తే అందులో తొమ్మిది ముక్కలు. మనం వీడియో కాల్‌లో హైదరాబాదులో ఉన్న కొడుకుతో మాట్లాడుతున్నంతసేపూ ఈ వినడం, ఆగడం, లెక్కపెట్టడం ఆగకుండా సాగుతూనే ఉంటుంది. మనకు తెలియదు.

ఎందుకు వినాలి? ముందు మాట్లాడేసి తగువు వస్తే అప్పుడు చూసుకోవచ్చుగా? అక్కడే ఉంది అసలు సంగతి. తాను మాట్లాడుతున్నంతసేపూ ఆ రేడియోకు అదే దారిలో వచ్చే మరో మాట వినబడదు. వెనక గదిలోంచి వచ్చే సన్నటి అల కన్నా తన యాంటెన్నా దగ్గర తన గొంతే ఎన్నో రెట్లు పెద్దది. తాను పలుకుతుండగా ఎదుటివాళ్ళు ఏమన్నారో, అసలు అన్నారో లేదో దానికి తెలిసే దారే లేదు. అందుకని వినడమంతా ముందే చేసుకుంటుంది.

మన ప్రార్థన సంగతి ఇక్కడ ఆలోచించండి. తెల్లవారుజామున మోకరించి మొదలుపెడతాం. పత్తికి ధర, అమ్మాయి సంబంధం, నడుము నొప్పి, బ్యాంకు నోటీసు, పక్క చేను వాడి గట్టు తగాదా. ఆపకుండా అరగంట చెప్పి, ఆమేన్ అని లేచి పొయ్యి దగ్గరికో గేదె దగ్గరికో వెళ్ళిపోతాం. సాయంత్రానికి దేవుడు జవాబివ్వలేదని మనసులో చిన్న ఫిర్యాదు. ఆయన పలికిన వేళ మనం ఏం చేస్తున్నాం? పలుకుతున్నాం. ప్రసంగి గ్రంథకర్త దేవుని మందిరానికి వెళ్ళేటప్పుడు అడుగు జాగ్రత్తగా వెయ్యమన్నాడు, వినడానికి దగ్గరికి వెళ్ళడమే మేలన్నాడు, మాటలు కొద్దిగా ఉండనిమ్మన్నాడు. ప్రార్థన తగ్గించుకోమని దీని అర్థం కాదు. అరగంటలో పది నిమిషాలు నోరు మూసుకుని, చదివిన వాక్యం ముందు ఊరికే కూర్చోమని. అది మనకు చాలా కష్టం. నలుగురిలో ప్రార్థన చేసేటప్పుడు ఎవరైనా రెండు నిమిషాలు మౌనంగా ఉంటే, మర్చిపోయాడేమోనని పక్కవాళ్ళు దగ్గుతారు.

(మైకుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. డిసెంబరు నెలలో ఒకే వీధిలో మూడు పక్కల నుంచి మూడు మైకులు మోగుతుంటే ఏ పాటా ఎవరికీ వినబడదు. అందులో మన మైకు కూడా ఒకటి.)

ఎంత జాగ్రత్తగా విన్నా ఒక్కోసారి ఇద్దరు ఒకే క్షణంలో మొదలుపెడతారు. రెండు మాటలూ పాడవుతాయి. అవతలి నుంచి అందిందన్న జవాబు రాకపోవడంతో రూటరుకు సంగతి అర్థమవుతుంది. అప్పుడది గొంతు పెంచదు. ఎదురుచూపు హద్దు పెంచుకుంటుంది. మొదట సున్నా నుంచి 15 లోపు ఒక అంకె ఎంచుకునేది, ఈసారి 31 లోపు ఎంచుకుంటుంది. మళ్ళీ ఢీకొంటే 63, ఆపైన 127, అలా 1023 దాకా వెళుతుంది. దెబ్బ తిన్న ప్రతిసారీ ఓపిక రెట్టింపు. ఈ ఆగి మళ్ళీ పలికే ఆలోచనకు మూలం 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం ద్వీపాల మధ్య నడిపిన అలోహా అనే రేడియో వ్యవస్థ. జవాబు రాకపోతే కొంతసేపు ఆగి మళ్ళీ పంపు అన్నది దాని పద్ధతి. 1997లో వచ్చిన మొదటి వైఫై ప్రమాణంలో ముందు విను అన్న నియమం కూడా ఉంది.

యాకోబు తన పత్రికలో విశ్వాసులకు చెప్పింది మూడు మాటలు: వినడానికి తొందరపడమన్నాడు, మాట్లాడడానికి నిదానించమన్నాడు, కోపానికి కూడా నిదానించమన్నాడు. మొదటి రెండూ మనం బోధల్లో తరచుగా వింటాం. మూడోది ఇంట్లో తేలుతుంది. ఒక మాట ఢీకొన్నాక మన గొంతు పెరుగుతుందా, ఓపిక పెరుగుతుందా? అత్తాకోడళ్ళ దగ్గర, అన్నదమ్ముల పొలం పంపకాల దగ్గర, సంఘపెద్దల మీటింగులో, మొదటి మాట కన్నా రెండో మాట పెద్దగా ఉంటుంది, మూడోది వీధి చివరికి వినబడుతుంది. తరువాతి వచనంలో యాకోబు దానికి కారణం కూడా చెప్పాడు: మనిషి కోపం దేవుని నీతిని పండించదు.

ఇక వంతు సంగతి. ఈ ప్రాంతంవాళ్ళకు వంతు అంటే ఏమిటో ఒకరు నేర్పక్కర్లేదు. 1967లో నాగార్జునసాగర్ నుంచి కుడి కాలువకు నీళ్ళు వదిలిన నాటి నుంచి, ఆ జవహర్ కాలువ నీళ్ళ కోసం, దర్శి బ్రాంచి కాలువ నీళ్ళ కోసం తూము దగ్గర రాత్రుళ్ళు కాపలా కాసినవాళ్ళ పిల్లలం మనం. కాలువలో తల దగ్గర ఉన్నవాడి చేను ముందు తడుస్తుంది. చివరి ఆయకట్టువాడు నీళ్ళు వస్తాయని కట్టలు సరిచేసుకుని కూర్చుంటే, పైన ఎవరో తూము ఎత్తేసి ఉంటారు. కాలువ చూసుకునే లస్కరు వచ్చి దించి వెళ్ళాక మళ్ళీ ఎత్తుతారు. గాలికి లస్కరు లేడు. అయినా అక్కడ జరిగేది దీనికి తలకిందులు. వెనక గదిలో మంచం మీద ఉన్న పాత ఫోను రూటరుకు దూరం, సిగ్నలు తక్కువ, అది నెమ్మదిగా తప్ప మాట్లాడలేదు. దాని వంతు వచ్చినప్పుడు హాల్లో రూటరు పక్కనే ఉన్న కొత్త ఫోను కూడా అంతసేపూ ఆగాల్సిందే. ఒక్క నిదానస్తుడి వల్ల ఇల్లంతా నెట్ నెమ్మదిస్తుంది. పిల్లలు విసుక్కుంటారు. దీన్ని లోపంగానే లెక్కగట్టి, కొత్త రూటర్లలో సరిచేసే ప్రయత్నాలు చేశారు కూడా. నాకు మాత్రం ఈ లోపం మీద గౌరవం.

కొరింథు సంఘంలో జరిగింది కాలువ పద్ధతి. ప్రభువు బల్ల దగ్గరికి ఉన్నవాళ్ళు ముందు వచ్చి తమ భోజనం తాము తినేవారు. లేనివాళ్ళు వచ్చేసరికి ఒకడు ఆకలితో, ఒకడు మత్తులో. పౌలు వాళ్ళకు రాసిన పరిష్కారంలో గొప్ప సిద్ధాంతమేమీ లేదు. భోజనానికి కూడినప్పుడు ఒకరికోసం ఒకరు ఆగండి అన్నాడు, అంతే. 11వ అధ్యాయం 33వ వచనం. బల్ల ఆచరణ రోజు 23వ వచనం నుంచి మొదలుపెట్టి 29 దగ్గర ఆపేయడం మనకు అలవాటు గనుక ఆ వచనం దాకా వెళ్ళం.

మిరప కోతల కాలంలో మన గృహ కూడికలు చూడండి. ఏడింటికి అంటాం. ఏడింటికి వచ్చేది ఉద్యోగస్తులు, కొట్లవాళ్ళు, ఇంటిపట్టున ఉండేవాళ్ళు. కూలి ఆటో దిగి, నీళ్ళు పోసుకుని, పిల్లలకు నాలుగు మెతుకులు పెట్టి వచ్చే అక్కలకు ఎనిమిదవుతుంది. పొద్దున్నుంచీ కాయలు కోసిన చేతులు ఎంత కడిగినా మండుతుంటాయి. ప్రార్థనలో కన్నీళ్ళొస్తే వేళ్ళతో తుడుచుకోలేరు, కొంగు చివరతో అద్దుకుంటారు. వాళ్ళు గుమ్మంలో చెప్పులు విప్పేసరికి పాటలు అయిపోయి, సాక్ష్యాలు అయిపోయి, బోధ సగంలో ఉంటుంది. సాక్ష్యం చెప్పాల్సిన మాట వాళ్ళ దగ్గరే ఉంటుంది, చెప్పే వంతు దాటిపోయి ఉంటుంది.

ఈ జిల్లాకు ఆగడం తెలిసిన రోజులున్నాయి. 1876–78 నాటి కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పనిలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్ళకు కూలి చూపించాడు. ఆ సాయం నడుస్తుండగా బాప్తిస్మం అడిగినవాళ్ళను ఆగమన్నాడు, గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు పని ముగిశాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. అంతమందికీ ఇచ్చినవాళ్ళు ఆరుగురు బోధకులు. ఏట్లో ఒక్కసారికి ఇద్దరే నిలబడ్డారు, వాళ్ళు అలిసిపోతే మరో ఇద్దరు దిగారు. క్లౌ ఆ రోజు తన చేతులతో ఒక్కరికీ ఇవ్వలేదు. ఆ పని వంతులవారీగా నడిచినందునే ముగిసింది.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో వరస మార్చండి. ఎప్పుడూ చివర్లో ఆవలిస్తూ కూర్చునే చిన్నపిల్లవాణ్ణి మొదట చెప్పనివ్వండి. నాయనమ్మకు మాట కూడదీసుకోవడానికి సమయం పడితే, మధ్యలో మీరు పూర్తి చెయ్యకండి. ఈ వారం గృహ కూడిక ఎనిమిదింటికి పెట్టుకోమని పెద్దలను అడగండి. ఎనిమిదింటికి కూడా ఇద్దరు ముగ్గురు రాకపోతే, ఒక పాట ఎక్కువ పాడుతూ ఆగండి.

ప్రార్థన: ప్రభువా, మా మాటల మధ్య నీ మాటకు చోటివ్వలేకపోయాం, క్షమించు. మేము పలుకుతున్నప్పుడు మాకు వినబడదని మాకు గుర్తుచెయ్యి. ఎదురుమాట తగిలిన వేళ గొంతు పెంచకుండా ఓపిక పెంచుకునే మనసివ్వు. చేలల్లో నుంచి ఆలస్యంగా వచ్చే మా అక్కచెల్లెళ్ళ కోసం నీ బల్ల దగ్గర మమ్మల్ని ఆగనివ్వు. ఈ రోజు మా ఇంట్లో ఎవరి మాట ఇంకా ఎవరూ వినలేదో, ఆ మనిషిని మాకు చూపించు. యేసు నామమున అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.