అరువు తెచ్చిన జవాబు

ఇచ్చువాడు సంతోషముతో ఇచ్చుచుండగా పుచ్చుకొనువాడు దొంగ యెట్లగును? ఈ ప్రశ్నను నన్నడిగినవాడు ఇంజనీరింగు మొదటి సంవత్సరము చదువుచున్న ఒక కుర్రవాడు. అతని తండ్రి నాకు చిరకాల స్నేహితుడు. ఊరినుండి ఆయన పంపిన బియ్యపు మూటను అందజేయుటకు నేను రామంతాపూర్‌లో అతడు అద్దెకున్న గదికి వెళ్లితిని. బస్సు ఆలస్యమగుటచే అప్పటికే రాత్రి పది గంటలు దాటినది. కుర్రవాడు భోజనము చేయలేదు. కంప్యూటరు ముందు తల పట్టుకొని కూర్చుండెను.

మరునాడు ఉదయము పది గంటలకు అసైన్‌మెంటు ఇచ్చివేయవలెను. అతని ప్రోగ్రాము పనిచేయుట లేదు. తార్నాకలోనున్న స్నేహితుడు తన పనిని ముగించి, "నాది పంపెదను, అక్కడక్కడ పేర్లు మార్చి ఇచ్చివేయుము" అని ఫోను చేసియున్నాడు. "అయ్యగారూ, వాడు మనస్ఫూర్తిగా ఇచ్చుచున్నాడు. ఎవరికిని నష్టము లేదు. ఈ సబ్జెక్టు పోయినచో నాన్నకు నా ముఖమెట్లు చూపుదును?" అని అతడు కంట తడిపెట్టుకొనెను.

చదువరులారా, ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయకుడి. నేనును వెంటనే జవాబు చెప్పలేకపోతిని. "ఆ మాట తరువాత చూతము. నాకు ఈ విద్య రాదు. నీవు వ్రాసినదానిని ఒక్కొక్క వరుస చదివి నాకు బోధపరచుము" అని మాత్రమంటిని.

అరువదిమంది విద్యార్థుల మార్కులను తీసికొని, సున్న వచ్చినవారెందరో లెక్కించి, తరగతి సగటు కట్టి, పేర్లను మార్కుల వరుసలో అచ్చువేయు ప్రోగ్రామును సీ భాషలో వ్రాయవలెను. 1972 ప్రాంతమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో డెన్నిస్ రిచీ రూపొందించిన భాష ఇది. అతడు వ్రాసిన ప్రోగ్రాము, సున్న వచ్చినవారు ఒక్కరును లేరనియు, తరగతి సగటు మాత్రము సున్న యనియు చెప్పుచుండెను! ఎవరికిని సున్న రానప్పుడు సగటు సున్న యెట్లగును? కంప్యూటరు చెడిపోయినదని అతడు రెండుమార్లు ఆపి మరల నడిపించెనట.

అతడు చదువుచు వచ్చెను. "ఇక్కడ, ఈ మార్కు సున్నకు సమానమా అని అడుగుచున్నాను" అని చెప్పి, చటుక్కున ఆగిపోయెను. కొంతసేపటికి, "అయ్యగారూ, నేను అడుగలేదు" అనెను.

సంగతి ఏమనగా, సీ భాషలో సమానపు గుర్తు ఒక్కటి వ్రాసినచో అది ఆజ్ఞ: "ఈ విలువను దీనిలో ఉంచుము" అని. రెండు గుర్తులు వరుసగా వ్రాసినచో అది ప్రశ్న: "ఇది దానికి సమానమా?" అని. కుర్రవాడు ఒక్కటే వ్రాసెను. యంత్రము చెప్పినట్లే చేసి, అరువదిమంది మార్కులను తుడిచి సున్నలుగా పెట్టెను. ఇట్టి వ్రాత ఆ భాషకు వ్యాకరణ విరుద్ధము కాదు గనుక కంపైలరు దానిని అంగీకరించెను. ముందుగా కోరినవారిని అది హెచ్చరించును, ఇతడు కోరలేదు.

అడుగవలసిన చోట ఆజ్ఞాపించుట! ఇది ప్రోగ్రాములకు మాత్రమే సంబంధించిన లోపమా? నా పని సరిగా ఉన్నదా అని అడుగుటకు బదులు, సరిగానే ఉన్నదని మనకు మనమే నిర్ణయించుకొని, ఫలితము చెడినప్పుడు పరికరమును, పొరుగువానిని నిందించుట మనకందరికిని అలవాటే.

తప్పు చేయుట ఆ విద్యలో సిగ్గుపడవలసిన సంగతి కాదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో తొలి కంప్యూటర్లలో నొకదానిని నిర్మించిన మారిస్ విల్క్స్ అను పండితుడు, తన శేషజీవితములో చాలభాగము తన ప్రోగ్రాములలోని తప్పులను వెదకుటకే సరిపోవునని 1949లోనే గ్రహించెను. డొనాల్డ్ నూత్ అను మహావిద్వాంసుడు, అచ్చుపనికై తాను వ్రాసిన టెక్ అను ప్రోగ్రాములో పదేండ్లపాటు చేసిన దిద్దుబాట్లన్నిటిని పుస్తకములో వ్రాసికొని, 850కి పైగా ఉన్న ఆ పట్టికను 1989లో లోకమునకు ప్రకటించెను. తన తప్పును చూపినవారికి బహుమానము కూడ ఇచ్చెను. అంతటివారే తమ తప్పులను దాచుకొనలేదు.

ఇక కుర్రవాని ప్రశ్నకు వత్తును. నా జవాబు నా అనుభవమునుండి వచ్చినది. నేను దైవశాస్త్ర విద్యార్థిగా ఉన్నప్పుడు, ప్రసంగము వ్రాయవలసిన ఒక రాత్రి, పై తరగతివాడు ప్రేమతో ఇచ్చిన ప్రసంగమును నా చేతివ్రాతతో ఎత్తి వ్రాసి ఇచ్చితిని. నాకు మెప్పు వచ్చెను. ఇచ్చినవానికి ఏ నష్టమును కలుగలేదు. అయినను నా ప్రసంగము ఎచ్చట కుంటుపడునో గురువుగారికి తెలియలేదు, నాకును తెలియలేదు. ఆ లోపము తరువాత అనేక సంవత్సరములు వేదికమీద నన్ను వెంటాడెను.

అసైన్‌మెంటు ఇచ్చిన ఉపాధ్యాయునికి ఆ సగటు అక్కరలేదు. అది ఆయనకు ముందే తెలియును. ఆయనకు కావలసినది ఈ విద్యార్థికి ఏది రాదో తెలియుట. స్నేహితుడు తన ప్రోగ్రామును ఇయ్యగలడు గాని, ఆ గురుతును ఇయ్యలేడు. నష్టపడునది ఇచ్చినవాడు కాదు. దిద్దవలసిన గురువు, దిద్దబడవలసిన శిష్యుడు, రాత్రియంతయు కూర్చుండి అరకొర పనినే నిజాయితీగా తెచ్చిన తోటి విద్యార్థి. ఈ దినములలో అడిగిన క్షణముననే ప్రోగ్రాము వ్రాసిపెట్టు యంత్రములు వచ్చియున్నవి గనుక, ఇచ్చు స్నేహితుడు కూడ అక్కరలేదు. ప్రశ్న మాత్రము అదే.

సహాయము పొందుట తప్పని నేను చెప్పను. "ఈ వరుసకు అర్థమేమి?" అని అడుగు స్నేహితుడు మేలు చేయును. మన తప్పును మనము చూచునట్లు చేయునది సహాయము. చూడకుండ కప్పివేయునది సహాయము కాదు. ఈ కొలతతో ఎవరికి వారు కొలుచుకొనవచ్చును.

ఆ రాత్రి సగటు సరిపడినది గాని, పేర్లను వరుసలో పేర్చు భాగము తెల్లవారువరకు కుదరలేదు. కుర్రవాడు ప్రోగ్రాము పైభాగమున, "పేర్ల వరుస సరిగా వచ్చుట లేదు, కారణము నాకు ఇంకను తెలియలేదు" అని వ్రాసి ఇచ్చివేసెను. స్నేహితునికంటె అతనికి మార్కులు తక్కువే వచ్చినవి. అయితే ఉపాధ్యాయుడు ఆ మాట చూచి, అతనిని పిలిచి, ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఆ భాగమును బోధించెనట.

తండ్రికి ఆ సంగతి అతడే ఫోనులో చెప్పెను, మార్కులతో సహా.