తోడల్లుడు బంధువే, మరి తోడు?

పద్దెనిమిదో శతాబ్దంలో తరిగొండలో వెంగమాంబ చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుంది. బొట్టు, పూలు తీసేయమంటే ఆమె ఒప్పుకోలేదు. తన భర్త వేంకటేశ్వరుడేనంది. ఆనాడు ఆమెను సాధించి తిప్పలు పెట్టారు. ఈనాడు తిరుమలలో ఏకాంత సేవ వేళ స్వామికి ఆమె పేరనే ముత్యాల హారతి ఇస్తున్నారు.

ఒకరికి ఒకరు ఏమవుతారో చెప్పాల్సింది ఆ ఇద్దరా, ఊరా? ఆ ప్రశ్నే ఇప్పుడు ఆదాయపు పన్ను చట్టం గడపలో నిలబడింది.

మన దేశంలో ఎవరి పాన్ వారిది, ఎవరి రిటర్ను వారిది. అమెరికాలోలా దంపతులు కలిపి రిటర్ను వేసే పద్ధతి లేదు. అక్కడ 2013లో ఎడిత్ విండ్సర్ సుప్రీంకోర్టులో గెలిచాక, పెళ్లయిన స్వలింగ జంటలకూ ఆ హక్కు దక్కింది. ఇక్కడ చిక్కు కానుక దగ్గర వస్తుంది. బంధువు కానివారి నుంచి ఏడాదిలో 50,000 రూపాయలు దాటి డబ్బు అందితే, దాటిన మేరకే కాదు, మొత్తం మీదా పన్ను పడుతుంది. బంధువు ఎంతిచ్చినా పన్ను లేదు. భార్య లేదా భర్త, తోబుట్టువులు, మేనమామ, మేనత్త, వదిన, ఆఖరికి తోడల్లుడు కూడా చట్టం లెక్కలో బంధువులే. పదేళ్లుగా మొహం చూడని తోడల్లుడు 10 లక్షలిచ్చినా అది కానుకే. ఇరవై ఏళ్లు ఒకే ఇంట్లో బతికి, జ్వరమొస్తే రాత్రంతా నుదుట తడిగుడ్డ వేసిన మనిషి ఆపరేషన్‌కు లక్ష ఇస్తే మాత్రం అది 'ఇతర మార్గాల ఆదాయం'.

2025లో ఒక స్వలింగ జంట దీన్ని బాంబే హైకోర్టులో సవాలు చేసింది. ఆగస్టులో కోర్టు అటార్నీ జనరల్‌కు నోటీసు పంపింది. అంతకు ముందు హైదరాబాద్ జంట సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ పెళ్లి హక్కు కోసం సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2023 అక్టోబరు 17న అయిదుగురు జడ్జీల ధర్మాసనం, ఆ గుర్తింపు ఇవ్వాల్సింది చట్టసభలని తేల్చింది. 2024లో కేంద్రమే రేషన్ కార్డు విషయంలో ఇలాంటి జంటలను ఒకే ఇంటివాళ్లుగా చూడమంది. బియ్యం దగ్గర ఒకే ఇంటివాళ్లు పన్ను దగ్గర పరాయివాళ్లు ఎలా అవుతారు?

ధర్మం ఒప్పుకోదనేవారు ధర్మసూత్రకారుడు ఆపస్తంబుణ్ణి ఒకసారి చూడాలి. తెలుగునాట ఎన్నో వైదిక కుటుంబాలు ఆయన సూత్రాన్నే అనుసరిస్తాయి. దంపతుల మధ్య పంపకం లేదన్నాడాయన. చేసే కర్మల్లో, వచ్చే పుణ్యంలో, కూడబెట్టే సొమ్ములో ఇద్దరూ కలిసే ఉంటారని కారణమూ చెప్పాడు. ఆయన మనసులో ఉన్నది స్త్రీపురుషుల జంటే, కాదనలేం. కానీ ఆయన చూపిన కారణం కలిసి బతకడం. దానమంటే తన సొత్తు వదులుకుని పరులకు అప్పగించడం. అన్నీ కలిసే మోస్తున్న ఇంట్లో పరులెవరు?

కోర్టుకెళ్లిన ఈ జంట అడుగుతున్నది రాయితీ కూడా కాదు. భర్త డబ్బిచ్చి భార్య పేరున డిపాజిట్ వేయిస్తే, దాని వడ్డీని భర్త ఆదాయంలోనే కలుపుతారు. గుర్తింపు వస్తే ఆ భారమూ వీళ్ల మీద పడుతుంది. దానికీ సిద్ధపడే బంధువులమని చెప్పుకుంటున్నారు.

కేసు తేలేదాకా ఒక దారి ఉంది, అప్పుగా రాసుకోవడం. ప్రోనోటు మీద రెవెన్యూ స్టాంపు అంటించి, ఫలానావారి దగ్గర లక్ష రూపాయలు అప్పు తీసుకున్నాననీ, తిరిగి చెల్లిస్తాననీ రాసి, దాని మీద సంతకం చేయాలి. ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని అన్నం కలిపి పెడుతున్న మనిషికే ఆ కాగితం అందించాలి.